చీమలు పట్టిన నిషాన

పోయిన శుక్రవారం అసర్ నమాజ్ అయినంక మా బాబా మేనల్లుడు రియాద్ కెల్లి మజ్రాకు వచ్చిండు. బాబా అంటె మా కఫీలు, మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న షావుకారు. మజ్రా అంటె తాయిఫ్ అవతల గుట్టల నడుమ ఆయనకున్న తోట. దానిమ్మ, అంజీరు, ఒక పక్క గులాబీలు. మేనల్లుడు తుపాకుల మీద వీడియోలు తీసి పెడుతడట. "మామా, ఈ తుపాకి కొని కొన్నేండ్లయింది గద. తక్కువ ధరల కొందామనుకునేటోళ్ళకు వాడినోని మాట కావాలె. ఉన్నదున్నట్టు చెప్పు" అని ఫోను మొకం ముందల పెట్టిండు.

బాబా నెత్తి మీది రుమాలు సదురుకున్నడు, గొంతు సవరించుకున్నడు, ఇగ మొదలువెట్టిండు. ఆయన అరబ్బీల చెప్పింది నా తెలుగుల చెప్తున్న. "ఇది సెమీ ఆటోమేటిక్. ఒకసారి గుంజితె ఒక గుండు పోతది, ఇంకో గుండు తనంతట తనే ఎక్కుతది. చేతికి తేలిక. అంత ప్లాస్టికే, అయినా ఇరుగలే, పగులలే. గుండ్ల డబ్బి నిండ నింపితె ఇరుక్కుంటది, జెర తక్కువ నింపాలె. చవుక గుండ్లు పెడితె మసి పడుతది, తుడువాలె. వెనుక నిషాన చూసే కాడ మర వదులైతది, దానికి దారం చుట్టినం. అంతె. గురి మాత్రం తప్పది. నా బామ్మర్ది తుపాకి దీనికి పదింతల ధర. పోయి అడుగు, ఎవలవి నడుమల పడుతున్నయో!"

అంత చెప్పి, చివరికి ఇంకో మాటన్నడు. "ఒక్కటే షరతు. దీన్ని చూసుకునే మంచి మనిషి ఒకడు ఉండాలె."

నేను నిషాన కాయితం, అంటె గురి చూసి కాల్చే కాయితం, పట్టుకొని పక్కనే నిలబడ్డ. బాబా నా దిక్కు చెయ్యి చూపిచ్చిండు. మేనల్లుడు ఫోను నా దిక్కు తిప్పిండు. నేను పండ్లు బయటపెట్టి నవ్విన. లోపల మాత్రం, ఓర్నీ, ఆ మంచి మనిషి నేను గాదుర నాయనా, ఆ మనిషి వేరే అనుకున్న. పొద్దూకేదాక ఆయనే యాదికొచ్చిండు.

ఆయన పేరు నేను చెప్ప. ఈ మజ్రాల ఆయన్ని పేరు పెట్టి ఎవలు పిలువలే. బాబా సదీక్ అనేటోడు, అంటె దోస్తు. ట్రాక్టర్ నడిపే పాకిస్తానాయన చాచా అనేటోడు. నేను అన్న అనేటోన్ని. మాది జగిత్యాల దిక్కు, ఆయనది కోరుట్ల అవతల పల్లె. నేను బాబా ఇంటి డ్రైవర్ను, ఆయన తోట మనిషి. నేను వచ్చిన దినం నా బ్యాగు అందుకొని, "బువ్వ తిన్నవా తమ్మీ? తినలే, నీ మొకమే చెప్తుంది" అని పప్పుచారు ముందల పెట్టిండు. ఆ పప్పుచారుల ఉప్పు లేదు. ఆయన వంటల ఎప్పుడు ఉప్పు ఉండది. అడిగితె "పైన ఏసుకో" అనేటోడు.

పొట్టి మనిషి. బాబా పాత తోబును, అరబ్బులు తొడిగే పాదాల దాక ఉండే జుబ్బను, మోకాళ్ళ దాక కత్తిరించి అంగి లెక్క తొడుక్కునేటోడు. భుజం మీద ఎర్ర తువ్వాల. తొందర అంటె ఏందో ఎరుకలేదు. నీళ్ళ మోటరు కాలిపోయినా, మేకలు గులాబీలల్ల పడ్డా, ఇసుకగాలికి రేకులు లేచిపోయినా ఆయన నోట్ల ఒక్కటే మాట: "అయితది తియ్." నాకు ముక్కు మీదనే కోపం ఉంటది. ఆ అయితది తియ్ వింటె నెత్తి మండేది. ఏమైతది? ఎట్లయితది? ఎవడు చేస్తె అయితది? గని ఆయన అట్ల అనుకుంటనే వంగి మోటరు విప్పేటోడు.

శుక్రవారం వస్తె బాబా దోస్తులు వస్తరు. దానిమ్మ చెట్ల వెనుక మట్టి కట్ట పోసి, దాని ముందల చెక్క నిలబెట్టి, చెక్క మీద గుండ్రాల కాయితం అంటిస్తరు. ఇటు తివాసీలు పరుచుకొని, ఖహ్వా, ఆ అరబ్బు కాఫీ, తాగుకుంట, ఒకరి తర్వాత ఒకరు కాల్చుడు. అది వాళ్ళ ఆట. అది వాళ్ళ పరువు సుత. బాబా ఆ తుపాకి కొని తెచ్చిన దినం ఆయన బామ్మర్ది దాన్ని చేతుల తీసుకొని, ఎగురవేసి పట్టుకొని, "పిల్లలకు తెచ్చినవా?" అన్నడు. అందరు నవ్విండ్రు. బాబా సుత నవ్విండు గని, ఆయన చెవులు ఎర్రగైనయి. నేను చూసిన.

కాల్చుడు అయినంక కాయితం కాడికి పొయ్యి చూసి చెప్పుడు అన్న పని. తివాసీ మీద కూసున్న పెద్దమనుషులు ఎవలు లేచి అంత దూరం పోరు. అన్న నేరుగ పోయేటోడు కాదు. తుపాకి పక్కకు పెట్టినా, గుండ్లు తీసినా, డబ్బల పెట్టి తాళం వేసినా సరే, దానిమ్మ వరుస చుట్టు తిరిగి తిరిగి పోయేటోడు. "తుపాకి ముందల నడువద్దు తమ్మీ. అది పండుకున్నా నోరు తెరిచే ఉంటది" అనేటోడు. దాన్ని తుడిచేది సుత ఆయనే, బాబా పక్కన కూసుంటె. పసిపిల్ల చెవు తుడిచినట్టు కొసకు దూది చుట్టి తుడిచేటోడు. గుంజే కాడ మాత్రం వేలు పెట్టకపోయేటోడు, అక్కడ బాబానే తుడుచుకోవాలె. అన్నేండ్లల్ల ఆయన ఒక్క గుండు కాల్చలే.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త.

వదినెకు, అంటె అన్న భార్యకు, గర్భసంచిల గడ్డ అయింది. బీడీలు చేసే మనిషి. చాట ఒళ్ళె పెట్టుకొని కూసుంటె లేవరాకపోయేది, నెత్తురు పోయేది. ఆపరేషన్ జెల్ది చేపియ్యాలె అన్నడు డాక్టర్. వదినె మొండిది. "నువ్వొచ్చి దవాఖాన బయట కూసుంటెనే నేను లోపటికి పోత. లేకపోతె పోనే పోను" అన్నది. కొడుకు చెప్పిండు, అక్కచెల్లెండ్లు చెప్పిండ్రు, ఊహూ. మత్తుమందు ఇచ్చేముందు మొగుడి మొకం చూడాలట. ఆమె భయం ఆమెది.

మాది కంపెనీ వీసా కాదు. కంపెనీలోళ్ళకు ఇప్పుడు ఏవో సవులతులు వచ్చినయి అంటరు. తోట మనిషికి, ఇంటి డ్రైవర్కు ఏం రాలే. కఫీలు తన ఫోన్ల సర్కారు యాప్ల నొక్కితెనే మాకు ఇంటికి పోయే చుట్టీ. నొక్కకపోతె ఈ గుట్టలు చూసుకుంట కూసునుడే. గుట్టలు చల్లగనే ఉంటయి, గాలి మంచిగనే వస్తది, చుట్టాలు వస్తె ఎంత మంచి జాగనో అని ఫోటోలు దిగుతరు. మాకు మాత్రం గోడల లెక్కనే ఉంటయి.

అన్న శుక్రవారం చుట్టీ అడుగుదామనుకున్నడు. నలుగురు ఉన్నప్పుడు అడిగితె కాదనడు అని ఆయన లెక్క. తీరా ఆ దినం బాబా గుండ్లన్ని ఎటో పోయినయి. బామ్మర్ది తొడ కొట్టి నవ్వుతుండు. అన్న తువ్వాల భుజం మీద వేసుకొని చెక్క కాడికి పోయిండు. కాయితం నడుమ ఏం లేదు, అంచుల మీద రెండు మూడు బొక్కలు. కోపంల ఉన్నోన్ని చుట్టీ అడిగితె ఏమొస్తది? తిట్లొస్తయి. అన్న జేబుల కాయితం కొట్టే మేకు ఉంది. ఏమనుకున్నడో ఏమో, దాంతోని నడుమ పొడిచిండు. మరి అంచుల మీద బొక్కలేం చేయాలె? పొద్దటి సద్దిగిన్నె ఆ కట్ట కాడనే ఉంది. అందులకెల్లి మెతుకులు తీసి, కాయితం ముక్కలు చింపి, మన ఇండ్లల్ల పిల్లల పుస్తకాలకు అట్టలు అంటించినట్టు మెతుకులతోని బొక్కలు మూసిండు. అటెన్క ఎర్ర తువ్వాల రెండు చేతుల పట్టి నెత్తి మీదికి లేపి అరిచిండు. "సెంటర్ బాబా! సెంటర్!"

ఆ అరుపు గుట్టకు తాకి మళ్ళ వచ్చింది. తివాసీ మీదోళ్ళు మాషా అల్లా అన్నరు. బామ్మర్ది నవ్వు ఆగింది. బాబా లేచి వచ్చి అన్నను కావలించుకున్నడు. నేను ఖహ్వా పోస్తున్న, నాకు నిజంగనే పడ్డదనుకొని సంబురమైంది.

అన్న వెంటనే అడిగిండు. ఆయనకు వచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు: "బాబా, చుట్టీ, ఇండియా." బాబా గడ్డం పట్టుకొని నవ్వి, "ఇన్షా అల్లా, ఈ సీజన్ అయిపోనీ" అన్నడు. అగో, అక్కడ ఇరికిండు మా అన్న.

వచ్చే శుక్రవారం బామ్మర్ది మళ్ళ వచ్చిండు. ఆ తర్వాత శుక్రవారం ఇంకో ఇద్దర్ని తోల్కొచ్చిండు. ప్రతి వారం బాబాకు గెలువాలె. ప్రతి వారం అన్న ఛాయ గిన్నె అడుగుకు మేకు రుద్ది మసి పట్టిచ్చుకొని పోయేటోడు, నిజం గుండు బొక్క చుట్టు బూడిదరంగు గీత ఉంటది కదా, అట్ల కనవడాలని. మెతుకులు పొట్లం కట్టుకునేటోడు. ఇదంత అన్న నాకు చెప్పినప్పుడు నేను పడి పడి నవ్విన. తర్వాత నవ్వు ఆగింది, ఎందుకంటె బాబా అందరి ముందల ఏమన్నడంటె: "ఈ సదీక్ చెయ్యి పడ్డంకనే తుపాకి ఇట్ల కొడుతుంది. ఈయన పోతె దీని సంగతేంది? ఈయన్ని ఏడికీ పంప."

"అన్నా, తాళం నువ్వే చేసినవ్, నువ్వే లోపట కూసున్నవ్" అన్న నేను.

"అయితది తియ్."

"ఏమైతది? మన్నైతది! మేకు పారేయ్. బాబా ఓడిపోతె నీ చెయ్యి మహిమ లేదని తెలుస్తది, చుట్టీ ఇస్తడు."

నా మాట ఇన్నడు పాపం. ఆ శుక్రవారం మేకు రూంల పెట్టి పోయిండు. కాయితం ఎట్లున్నదట్ల తెచ్చి ముందల పెట్టిండు. చేతులు లేపలే, అరువలే. బామ్మర్ది మళ్ళ తొడ కొట్టిండు. బాబా ముందల పెట్టిన మాంసం ముట్టలే. చుట్టాలు పోయినంక ఆ కాయితం ఒళ్ళె పెట్టుకొని అట్లనే కూసున్నడు. తెల్లారి తుపాకి తెచ్చి అన్న ముందల పెట్టి, "దీనికి ఏదో అయింది. ఇంటి మీద మనసు పడి నువ్వు సరిగ తుడువలే. ఇది బాగయ్యేదాక చుట్టీ మాటెత్తకు" అన్నడు.

ఇగ చూడుండ్రి. పొడిస్తె చుట్టీ లేదు, పొడువకపోతె అసలే లేదు. నేనిచ్చిన సలహాకు నన్నే చెప్పుతోని కొట్టాలె అనిపించింది.

ఆ దినాలల్లనే వదినె బీడీ కార్ఖానల కండ్లు తిరిగి పడ్డదని ఫోన్ వచ్చింది. మా మజ్రాల సిగ్నల్ నీళ్ళ ట్యాంకు కాడ ఒక్కచోటనే వస్తది, అది సుత బకెట్ బోర్ల పెట్టి దాని మీద నిలబడితె. అన్న బకెట్ మీద నిలబడి ఒక చెయ్యి ట్యాంకుకు ఆనిచ్చి మాట్లాడిండు. అటు కొడుకు ఏడుస్తున్నట్టుంది. అన్న దిగి వచ్చి నా ముందల కూసున్నడు. ఆయన "అయితది తియ్" అంటడని నేను చూస్తున్న. ఆ ఒక్కసారి ఆ మాట రాలే. ఆ మాటకు తిట్టుకునేటోన్ని నేనే, అది రాకపోయేసరికి నేనే "అయితది తియ్ అన్నా" అనాల్సొచ్చింది.

మళ్ళ మేకు మొదలైంది. ఈసారి బాబా గెలిచిన కాయితాలన్ని తీసి మజ్లిస్ గోడకు వరుసగ అంటిచ్చిండు, చుట్టాలు చూడాలని. మజ్లిస్ అంటె ఆయన చుట్టాలను కూసుండబెట్టే గది. నాలుగు దినాలు కాలే, గోడకు చీమలు పట్టినయి. గుమ్మం కెల్లి లైను కట్టి, దిండ్ల మీదికెల్లి ఎక్కి, సక్కగ బాబా నిషాన కాయితాల కాడికి. ఒక్కొక్క కాయితం అంచు మీద చీమల కుప్ప. గోడ మీద బామ్మర్ది కాయితం సుత ఒకటుంది, దాన్ని ఒక్క చీమ ముట్టలే.

బామ్మర్ది వేలు పెట్టి చూపిస్తూ అన్నడు, "నీ గుండ్లకు తేనె పూస్తున్నవా ఏంది?"

అందరు నవ్విండ్రు, బాబా సుత నవ్విండు. మూలకు ఖహ్వా పట్టుకొని నిలబడ్డ అన్న మొకం మాత్రం సున్నం కొట్టినట్టయింది. కఫీలు పరువు తీసినోనికి ఈ దేశంల ఏమైతదో మాకు ఎరుకే. చుట్టీ సంగతి తర్వాత. ఏదో కేసు పెట్టి లోపట ఏపిస్తె అడిగేటోడు ఎవడు?

తెల్లారి నా రూంకు వచ్చి, "నడువు తమ్మీ. బాబాకు చెప్పేస్త" అన్నడు.

"నీకు పిచ్చా? నీకు అరబ్బీ ఏడొస్తది?"

"నీకొస్తది గద."

అబ్బ! తప్పు చేసింది ఆయన, ఒప్పుకునుడు నా నోటితోని! వద్దంటె వద్దన్న. అన్న తువ్వాలతోని మొకం తుడుచుకొని గడపల కూసున్నడు. ఇగ లేచిన, ఏం చేస్త?

బాబా అంజీరు చెట్టు కింద తివాసీ మీద కూసోని, బుట్టల పండ్లు ఒక్కొక్కటి చేతుల పట్టి ఒత్తి చూస్తున్నడు. అన్న పోయి ఆయన ముందల మోకాళ్ళ మీద కూసొని, జేబులకెల్లి మేకు తీసి పెట్టిండు. దాని పక్కకు మెతుకుల పొట్లం విప్పి పెట్టిండు. నేను చెప్పుడు మొదలువెట్టిన. నడుమ బొక్క మేకుది బాబా, గుండుది కాదు. అంచు బొక్కలు మెతుకులతోని మూసిండు. శాన శుక్రవారాల కెల్లి. మొత్తం చెప్పిన.

బాబా మేకు తీసుకున్నడు. రెండు వేళ్ళ నడుమ తిప్పిండు. కొస మసి వేలుకు అంటింది.

"చీమలు గుండ్లు తింటయా?" అన్నడు. "నాకు ఎప్పుడో ఎరుక. చీమల కంటె ముందే ఎరుక. మొదటి నెలల్నే ఒక పొద్దు చెక్క కాడికి పోయి చెయ్యి పెట్టి చూసిన. కాయితం నడుమ బొక్క ఉంది. వెనుక చెక్క నున్నగ ఉంది."

అన్న నా మొకం చూస్తుండు, ఏమంటుండు ఏమంటుండు అని.

"నా కండ్లకు పొర వచ్చింది" అన్నడు బాబా. "నాకు నడుమ కాదు, చెక్కనే కనవడది. ఎవలకు చెప్పలే. కోసి తీస్తమంటరు, నాకు భయం. శుక్రవారం నలుగురు వస్తరు. నేను లేచి కాలుస్త. ఈయన ఆడికి పోయి చేతులు లేపి అరుస్తడు. వారమంత ఆ అరుపు కోసమే కూసుంట నేను. ఈయన పోతె ఎవడు అరుస్తడు? చెప్పు."

ఆ మాట నేను తెలుగుల అన్నకు చెప్పాలె. చెప్పిన. నాకు కోపమొచ్చింది, అన్నీ తెలిసి పట్టి ఉంచిండా ఈ ముసలోడు అని. అన్న మాత్రం కోపం చేయలే. బాబా కండ్లల్లకు వంగి చూసిండు. నిజంగనే తెల్లగ ఉన్నయి. ఇన్ని దినాలు మేం చూడనే లేదు.

"తమ్మీ, మీ వదినె సంగతి చెప్పు" అన్నడు.

"చెప్పలేదా ఇన్ని దినాలు?"

"ఆడిమనిషి రోగం. పరాయి మొగోనికి ఎట్ల చెప్పాలె? చుట్టీ అన్న, అంతె."

చూసిండ్రా? బాబాకు కండ్లు కనవడయని చెప్పనీకి సిగ్గు. మా అన్నకు భార్యకు నెత్తురు పోతుందని చెప్పనీకి సిగ్గు. వీళ్ళిద్దరి సిగ్గు నడుమ ఒక ఆడిమనిషి పానం వేలాడుతుంది. నాకు సిగ్గు లేదు. నేను మొత్తం చెప్పిన, గడ్డ అని చెప్పిన, నెత్తురు అని చెప్పిన, ఈయన మొకం చూస్తె తప్ప కోపిచ్చుకోనంటుందని చెప్పిన.

బాబా శానసేపు పండ్లు ఒత్తలే. ఆఖరికి, "పోనీ. గని శుక్రవారం ఆడికి ఎవడు పోతడు?" అన్నడు.

ఇద్దరు ఒక్కసారే నా దిక్కు చూసిండ్రు.

"వద్దు తమ్మీ" అన్నడు అన్న వెంటనే. "నీ లగ్గం ఉంది." ఆ మాట నిజం. నాకు పూలుపండ్లు అయినయి. వచ్చే చుట్టీల లగ్గం. పిల్ల నాకు ఫోన్ల మాట్లాడుడు సుత అలవాటైంది. చుట్టీకి నా వంతే ముందు.

నాకెందుకో కోపమొచ్చింది. బాబా మీదనా, అన్న మీదనా, వదినె మొండితనం మీదనా, ఎరుకలేదు. ఆ కోపంలనే నేనన్న: "నేను పోత బాబా. నేను అరుస్త. ఈయన్ని పంపు."

బాబా ఫోన్ తీసిండు. దగ్గర పట్టి చూసిండు, దూరం పట్టి చూసిండు, ఇగ నా చేతుల పెట్టిండు. "ఏడ నొక్కాలె? నువ్వే నొక్కు." ఫోన్ల ఆయన కింద పనిచేసేటోళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నయి. అన్న పేరు మీద నొక్కిన. దాని కిందనే నా పేరు ఉంది. ఫోన్ మళ్ళ బాబా చేతుల పెట్టిన. "ఈయన వచ్చినంక నీది" అన్నడు బాబా.

పోయేముందు దినాలల్ల అన్న నాకు పని నేర్పిండు. నేను గమ్ము సీసా కొందామన్న. "గమ్ము ఎండకు లేస్తది. మెతుకు పట్టుకుంటె విడువది" అన్నడు. చీమల కోసం మెతుకుల జెర పసుపు కలుపుమన్నడు. అరుపు మాత్రం కష్టమైంది. దానిమ్మ చెట్ల నడుమ నిలబెట్టి అరిపిచ్చిండు. "కడుపులకెల్లి రావాలె తమ్మీ. నువ్వే నమ్మకపోతె బాబా ఎట్ల నమ్ముతడు?"

"బాబాకు ఎరుకే గదనే!"

"ఎరుకైనా నమ్మాలె గద." ఇంకో మాట చెప్పిండు. "అన్ని నడుమల్నే పొడువకు. ఒక్కటి జెర పక్కకు పొడువు. అన్ని నడుమ పడితె ఎవడు నమ్మడు."

ఎయిర్‌పోర్టుకు నేనే దింపిన. గేటు కాడ ఒక పోలీసాయన తుపాకి మెడల వేసుకొని నిలబడ్డడు. మా అన్న పెద్ద పెట్టె గుంజుకుంట, ఆయన ముందల నడువకుండ, కారు పార్కింగ్ అంత తిరిగి తిరిగి, అవతలి దర్వాజకెల్లి లోపటికి పోయిండు. పోలీసాయన నా మొకం చూసిండు, ఏందీ మనిషి అని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కార్ల కూసొని ఏడ్చిన.

ఆపరేషన్ అయింది. అన్న దవాఖాన బయట కూసున్నడు. వదినె ఆయన మొకం చూసి లోపటికి పోయింది, బయటకు సుత వచ్చింది. ఆ ఫోటో నాకు పంపిండు. ఇద్దరు మంచం మీద, ఆయన భుజం మీద అదే ఎర్ర తువ్వాల.

ఇగ ఆయన మళ్ళ వచ్చే గడువు దగ్గరికొచ్చింది. ఒక మాపటీలి నేను బకెట్ మీద నిలబడి ఫోన్ చేస్తె వదినె ఎత్తింది.

"తమ్మీ, మీ అన్న పెట్టె సదురుతుండు" అన్నది. గొంతు సన్నగైంది. "నీకు మాటిచ్చిండట. నేను ఇంకా గోడ పట్టుకొనే నడుస్తున్న. రాత్రి లేవాలంటె ఈయనే లేపాలె. గని నీ లగ్గం ఆగిందని నాకు చెప్పిండు. ఉన్నదున్నట్టు చెప్పు. పంపుమంటవా?"

వెనుకకెల్లి అన్న, "అడుగకే, నేను పోతున్న అని చెప్పు" అంటుండు.

నా నోట్లకు ఏమొచ్చిందో మీకు చెప్తున్న. పంపు వదినె, అని వచ్చింది. ఆడిదాక వచ్చింది. ఎదురుంగ గుట్టలు ఎర్రగైనయి. పిల్ల దిక్కోళ్ళు ముందటి దినమే ఫోన్ చేసి గట్టిగ మాట్లాడిండ్రు.

"వద్దొదినె" అన్న నేను. "నీకు చెప్పలే గద, నాకు చుట్టీ వచ్చేసింది. బాబా కండ్లు కోపిచ్చుకున్నడు, తుపాకి అమ్మేసిండు. టికెట్ సుత తీసిన. వచ్చే నెల లగ్గం. మీరిద్దరు రావాలె, మెల్లగ బండి మీద రావాలె."

"నిజమా తమ్మీ! నీ కడుపు సల్లగుండ!" అని వదినె ఏడ్చింది. ఏడ్చుకుంటనే ఫోన్ అన్నకు ఇచ్చింది.

"నిజమేనా?" అన్నడు అన్న.

"సెంటర్ అన్నా, సెంటర్!" అన్న నేను. కడుపులకెల్లి అరిచిన, ఆయన నేర్పినట్టే.

అటు దిక్కు ఆయన ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తర్వాత మెల్లగ, వదినెకు వినవడకుండ అన్నడు.

"ఒక్కటన్న జెర పక్కకు పొడువాల్సింది తమ్మీ."

ఇంక మాట్లాడితె ఆయన పెట్టె పట్టుకొని వస్తడు. "పెట్టె దించు అన్నా" అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేసిన.

ఆయన వీసా గడువు పోయింది. పిల్లకు వేరే సంబంధం చేసిండ్రు. కోపం రాదా అంటె వస్తది, బకెట్ను తన్నిన దినాలు సుత ఉన్నయి. బాబా మాత్రం ఇప్పటికీ అడిగినప్పుడల్ల, "సదీక్ రానీ, నీది నొక్కుత" అంటడు. రాడని ఆయనకు ఎరుకే. ఎరుకైనా నమ్ముతడు.

పోయిన శుక్రవారం మేనల్లుడు కెమెరా పట్టుకొని, "మామా, వీడియోకు ఒక్కసారి కాల్చి చూపియ్" అన్నడు. బాబా లేచి, నేను చేతులు పట్టి ఎటు తిప్పితె అటు తిరిగి, డబ్బి ఖాళీ అయ్యేదాక కాల్చిండు. నేను దానిమ్మ వరుస చుట్టు తిరిగి చెక్క కాడికి పోయిన. కాయితం మీద ఒక్కటి లేదు. మేకు తీసి వరుసగ నడుమ పొడిచిన. ఆఖరిది మాత్రం జెర పక్కకు పొడిచిన. అటెన్క అన్న లెక్కనే నేను సుత కొనుక్కున్న ఎర్ర తువ్వాల లేపి, కోరుట్ల దాక వినవడాలె అన్నట్టు అరిచిన.